వీధి చివరి దీపస్తంభము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 25:31-40, మత్తయి 5:14-24, ప్రకటన 2:1-5

కోలారు బంగారు గనుల లైన్లలో తరతరాలుగా తెలుగులో ఆరాధన చేసుకుంటున్న మా చిన్న సంఘము తరఫున ఈ నెల ధ్యానము మీ ముందు ఉంచుతున్నాము. విషయము పెద్దది కాదు. పది సెంటీమీటర్ల పొడవు గల ఒక కరెంటు దీపస్తంభము. బొమ్మల వీధిలో నిలబెట్టేది. అరచేతిలో పడుకోబెడితే వేళ్ళ చివర దాటదు. దీని మీద ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చు. మేము కూడ మొదట నవ్వినవారమే.

పోయిన అక్టోబరులో మా యౌవనస్థుల కూటమువారు ఒక కోరికతో వచ్చారు. ఏటా మందిరము ముందు నక్షత్రము కట్టి, గోడ మీద సీరియల్ సెట్లు వేలాడదీయడముతోనే పండుగ అయిపోతున్నది, ఈసారి ఒక క్రిస్మస్ ఊరు చేస్తామన్నారు. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు పోయే పిల్లలు అక్కడి పెద్ద దుకాణాలలో చూసి వచ్చారట. మంచు కప్పిన ఇళ్ళు, వాటి మధ్య బొమ్మరైలు, వీధి పొడవునా వెలిగే చిన్న చిన్న స్తంభాలు.

డీకన్ల కూటములో పెద్ద డీకనుగారు వెంటనే అడ్డు చెప్పారు. "మనం బాప్టిస్టులం. బొమ్మలు నిలబెట్టే అలవాటు మనకెప్పుడూ లేదు. పైగా బేత్లెహేములో కరెంటు స్తంభాలెక్కడివయ్యా?" అన్నారు. ఆయన మాటలో న్యాయమున్నది. అప్పుడు యౌవనస్థులలో ఒక అమ్మాయి లేచి, "పెదనాన్నా, బొమ్మలు వద్దు. బేత్లెహేమూ వద్దు, మంచూ వద్దు. మన వీధినే చేద్దాం. ప్రభువు ఈ ఏడు మన లైన్లలో పుడితే ఎట్లుంటుందో, అంతే" అన్నది. పెద్దాయన కాసేపు గడ్డము నిమురుకొని, "మనుషుల బొమ్మలు లేకపోతే సరే" అన్నారు. అలా నిర్ణయమైనది. మా వీధిలో ఇరవైనాలుగు ఇళ్ళు. ఒక్కొక్క ఇంటి ముందు ఒక దీపస్తంభము. ఏ ఇంటి స్తంభము ఆ ఇంటివారే చేయవలెను.

ఈ బొమ్మ దీపాల కథ మన దేశములో పుట్టినది కాదు. 1882 డిసెంబరులో, న్యూయార్కులో, ఎడిసన్‌తో కలిసి పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలము రంగుల చిన్న బల్బులు 80 అమర్చాడు. అంతవరకు చెట్లకు కొవ్వొత్తులే గుచ్చేవారు, ఇల్లు అంటుకుంటుందన్న భయము ప్రక్కనే ఉండేది. అదే సంవత్సరము నవంబరులో లండనులోని సవాయ్ నాటకశాలలో నటీమణులు జోసెఫ్ స్వాన్ కంపెనీ చేసిన బుల్లి బల్బులు తలలో ధరించి రంగము మీదికి వచ్చారు. ఆ తరువాత జర్మనీలో మార్క్లిన్ వంటి కంపెనీలవారు బొమ్మరైళ్ళు చేయగా, రైళ్ళ వెంట స్టేషన్లు, స్టేషన్ల వెంట వెలిగే స్తంభాలు వచ్చాయి. నిజమైన దానిలో 87వ వంతు కొలతకు చేసే రైళ్ళ ప్రక్కన ఆరు మీటర్ల వీధి స్తంభము ఏడు సెంటీమీటర్లు కూడ ఉండదు.

అయితే కరెంటు సంగతిలో మా గనులవారికి కొంత గర్వమున్నది. శివనసముద్రము నుండి దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధి దీపాలు వెలిగినది 1905లో. కాని ఆ తీగలు వచ్చినది బంగారము కొరకు, లైన్లలోని మన తాతల కొరకు కాదు. చిత్తూరు వైపు నుండి మూటా ముల్లె కట్టుకొని వచ్చిన మనవారు భూమిలోపల దీపము పట్టుకొని దిగినవారే. 2001లో గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఈ వీధులలో సగము మంది మగవారు పగలు కనిపించరు. చీకటితో రైలెక్కి, చీకటి పడ్డాక దిగుతారు. అందుచేత మా వీధికి దీపస్తంభము అలంకారము కాదు. ఇంటికి వచ్చేవాడు గుమ్మము వెతుక్కునే గుర్తు.

ఇక పని సంగతి. చేయదలచిన సంఘాలకు పనికివస్తుందని కొంచెము వివరముగానే వ్రాస్తున్నాము. మేము 60లో ఒక వంతు కొలత పెట్టుకున్నాము. ఆరు మీటర్ల స్తంభము పది సెంటీమీటర్లు అవుతుంది. వ్రాసి అయిపోయిన లోహపు రీఫిల్ సరిగ్గా ఆ పొడవే, మూడు మిల్లీమీటర్ల లావు. సిరా స్పిరిటుతో కడిగి, లోపల నుండి రెండు సన్నని వైండింగ్ వైర్లు దూర్చాలి. మోటార్లు చుట్టే దుకాణాలలో ఈ వైరు దొరుకుతుంది. దాని మీద కంటికి కనిపించని వార్నిషు పూత ఉంటుంది. అతుకు వేసే చోట బ్లేడుతో గీకకపోతే సాల్డరింగ్ పట్టదు. పైన మూడు మిల్లీమీటర్ల ఎల్ఇడి. దాని కాళ్ళు వంచి ముఖము క్రిందికి, రోడ్డు వైపు తిప్పాలి. టూత్‌పేస్టు మూత గొడుగు అవుతుంది. ఆ మూతలో నుండి వెలుగు పైకి కారకుండ లోపల మొదట నలుపు పూసి, దాని మీద వెండి రంగు పూయాలి. మా అమ్మాయిలు నెయిల్ పాలిష్ సీసాలతోనే రెండు పనులూ కానిచ్చారు.

230 వోల్టుల సీరియల్ సెట్లు థర్మోకోలు ఇళ్ళ మధ్య పరచవద్దని ప్రతి సంఘమునకు మనవి చేస్తున్నాము. పిల్లలు చేతులు పెట్టే చోట 12 వోల్టుల ఎడాప్టరు చాలును. అయితే ఎల్ఇడికి కావలసినది మూడు వోల్టులే. మిగిలిన తొమ్మిదిని ఆపడానికి ప్రతి దీపానికి ఒక రెసిస్టరు వేయాలి. అది లేకుండ నేరుగా తగిలిస్తే దీపము ఒక్క క్షణము మెరిసి మాడిపోతుంది. మొదటి రోజు ఇద్దరు కుర్రవాళ్ళు ఆ వేడుక కూడ చూశారు.

మొదట 470 ఓముల రెసిస్టర్లు వేశాము. దుకాణములో ఇచ్చినవి అవే. వెలిగించి చూస్తే వీధి సినిమా షూటింగులా ఉన్నది. ఇళ్ళు కనిపించలేదు, కిటికీలు కనిపించలేదు. ఇరవై తెల్లని చుక్కలు కళ్ళలో గుచ్చుకున్నాయి. ఐ.టి.ఐ. చదివే ఒక అబ్బాయి, "అయ్యగారూ, ప్రక్కన ఇంకో సున్నా చేరుద్దాం" అన్నాడు. 4,700 ఓములు వేశాము. పారే కరెంటు పదవ వంతుకు తగ్గినది. అప్పుడు మొట్టమొదటిసారి వీధి కనిపించింది. గడపలు, తులసికోట ఉన్న ప్రక్కింటి అరుగు, ఎవరో అగ్గిపుల్లలతో చేసిన సైకిలు, అన్నీ.

ప్రియులారా, ఆ సాయంత్రము మాకు నిర్గమకాండము 25వ అధ్యాయము జ్ఞాపకము వచ్చింది. దేవుడు మోషేతో మందసము చేయమన్నప్పుడు పొడవెంతో, వెడల్పెంతో, ఎత్తెంతో మూరలలో చెప్పాడు. బల్లకు చెప్పాడు. కాని దీపవృక్షము దగ్గరికి వచ్చేసరికి ఎత్తు చెప్పలేదు. ఒక తలాంతు మేలిమి బంగారమన్నాడు, ఆరు కొమ్మలన్నాడు, బాదము పువ్వుల వంటి కలశములన్నాడు. టన్ను రాయిని పిండి చేస్తే కొన్ని గ్రాముల బంగారము చూసిన మా గనులవారికి తలాంతు బంగారమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అంత బంగారము పోసి చేయించిన దానికి ఎత్తు చెప్పని దేవుడు, 37వ వచనములో ఒక సంగతి మాత్రము విడువకుండ చెప్పాడు. వెలుగు ఏ వైపు పడవలెనో చెప్పాడు. దాని ఎదుటి వైపునకు పడవలెను. సంఖ్యాకాండము 8వ అధ్యాయములో అహరోనుకు మరల అదే మాట. బెసలేలు ఎంత నేర్పుగా కొట్టి చేసినా, ఆ పువ్వులను చూచి మెచ్చుకొనుటకు కాదు ఆ దీపములు. ఎదుట బల్ల మీద రొట్టెలున్నవి. అవి కనబడవలెను.

ప్రకటన గ్రంథములో ప్రభువు సంఘములను దీపస్తంభములని పిలిచాడు. దీపములని కాదు. ఈ తేడా మనము తరచుగా మరచిపోతాము. పరాయి రాష్ట్రములో ఉన్న తెలుగు సంఘములమైన మనకు ఈ శోధన ఇంకా ఎక్కువ. ప్రక్క వీధిలోని తమిళ సంఘము కంటె, కన్నడ సంఘము కంటె మన నక్షత్రము పెద్దదిగా ఉండవలెనని, మన మైకు దూరము వినబడవలెనని చూస్తాము. మనమంటే మనమే కనిపించవలెను. 470 ఓముల భక్తి అది. చూచువారి కళ్ళు మూసుకుపోతాయి, వారి ఇల్లు వారికి కనిపించదు.

మత్తయి సువార్త భాగమును కూడ ఆ వారమే పిల్లలతో చదివించాము. కన్నడ బడులలో, ఇంగ్లీషు బడులలో చదివే పిల్లలు, తెలుగు కూడబలుక్కొని చదువుతారు. దీపమును కుంచము క్రింద పెట్టరని ఉన్న చోట ఒకడు ఆగి, "కుంచమంటే పెయింటింగ్ బ్రష్షా అయ్యగారూ? బ్రష్షు క్రింద దీపం ఎట్లా పెడతారు?" అని అడిగాడు. కుంచెకు, కుంచమునకు భేదము చెప్పడానికి మా యింట్లో కుంచము లేదు. చివరికి ఒక అవ్వగారు తన పుట్టింటి నుండి తెచ్చుకున్న గింజల కొలత పాత్ర అడుగు పెట్టెలో నుండి తీసి చూపించారు. ఆ పాత్రనే మా బొమ్మ వీధి మీద బోర్లించి చూపించాము. నాలుగు ఇళ్ళు, నాలుగు స్తంభాలు లోపలికి పోయాయి. అవి లోపల వెలుగుతూనే ఉన్నాయి, కాని రోడ్డుకు లేవు. పిల్లలు ఆ వచనమును ఇక మరువరు.

నవంబరు నెలాఖరుకు ఇరవైమూడు స్తంభాలు వచ్చాయి. కొన్ని వంకర, ఒకటి మరీ పొట్టి. ఒక తాతగారు సైకిలు పుల్లతో చేసి, దాని మొదట్లో మైనింగు టోపీ దీపము ఆకారము చెక్కి పంపారు. ఇరవైనాలుగవది రాలేదు. బల్ల మీద వీధి చివరి ఇల్లు చీకటిగా ఉన్నది. ఒక చిన్నపిల్ల అందరి ముందే, "ఆ ఇంటికి లైటు లేదేం?" అని అడిగింది. పెద్దవారెవరూ మాట్లాడలేదు.

అక్కడ ఉన్న కథ ఇప్పుడు చెప్పవలసియున్నది. ఆ ఇంటిలో ఒక విధవరాలైన తల్లి, ఆమె కుమారుడు ఉంటారు. ఆ కుమారుడు ఎలక్ట్రీషియను. మా మందిరములో ప్రతి స్విచ్చు అతడు బిగించినదే. ఆరేండ్ల క్రిందట క్రిస్మస్ దీపాల సామాను అతడే కొని తెచ్చాడు. లెక్క చూచినప్పుడు మూడువేల నాలుగువందల రూపాయలకు బిల్లు లేదు. కూటములో మాటలు పెరిగాయి. ఎవరో దొంగ అనే మాట అన్నారు. అతడు లేచి వెళ్ళిపోయాడు, మరల మందిరమునకు రాలేదు. తల్లి కూడ రావడము మానేసింది. ఇంతవరకు సంఘములో అందరికీ తెలుసు. కొద్దిమందికే తెలిసినది ఇంకొకటి ఉన్నది. నెల తరువాత ఆ బిల్లు దొరికింది. రిజిస్టరు అట్టకు, చివరి కాగితమునకు మధ్య ఇరుక్కొని ఉన్నది. దొరికినది మాకే. పెద్దలిద్దరికి చూపించాము. చూద్దాం, సమయము వచ్చినప్పుడు చెబుదామనుకున్నాము. సమయము రాలేదు, మేము రానివ్వలేదు. బిల్లు ఫైలులో పెట్టుకున్నాము.

ఆ చీకటి ఇంటి సంగతి డీకన్ల కూటమునకు వచ్చినప్పుడు రకరకాలుగా అన్నారు. వారు సంఘములో లేరు గదా, ఇల్లే తీసివేద్దామని ఒకరు. ఉన్న ఇరవైమూడు చాలవా, ఒక్కటి ఎవరు చూస్తారని ఇంకొకరు. మేము మన తెలుగు బాప్టిస్టు మిషను చరిత్ర జ్ఞాపకము చేశాము. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణపు సభలో, ఏండ్ల తరబడి ఫలము లేని నెల్లూరు మిషనును మూసివేయుదమా అని తర్కించారు. పటములో ఒక్కొక్క మిషను స్థలమునకు ఒక్కొక్క నక్షత్రము గుర్తు. తెలుగు దేశమంతటికి నెల్లూరు దగ్గర ఒకే ఒక నక్షత్రము ఉన్నది. ఆ ఒంటరి నక్షత్రము మీద శామ్యూల్ స్మిత్ ఆ రాత్రే పద్యము వ్రాశాడు, మరునాడు సభలో అది చదివారు, మిషను మూయలేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది ఆ మిషనులోనే. ఒక్క చుక్కను పటము మీద నుండి తుడిచివేయవద్దన్నవారి వల్లనే మనము ఈ రోజు తెలుగు బాప్టిస్టులమని చెప్పుకొనుచున్నాము.

అందరు సరే అన్నారు. ఆ ఇంటి స్తంభము ఎవరు చేస్తారంటే, "మేమే చేస్తాము" అన్నాము. అలా అనడము చాలా సులువుగా ఉన్నది. ఆ ఇంటికి వెళ్ళడము కంటె సులువు.

ఒక రాత్రి కూర్చొని చేశాము. మరునాడు ఒక పెండ్లి ప్రార్థన ఉన్నది, త్వరపడ్డాము. రీఫిల్ చివర ఏటవాలుగా కోసి, ఆ అంచును ఆకురాయితో నునుపు చేయలేదు. రెసిస్టరు స్తంభము మొదట్లో పెట్టమని ఐ.టి.ఐ. కుర్రవాడు చెప్పాడు. మాకు పైన, గొడుగు లోపల పెట్టడమే తేలిక అనిపించింది. చూడటానికి మాత్రము ఇరవైనాలుగింటిలో మాదే అందముగా ఉన్నది, ఆకుపచ్చ రంగు కూడ వేశాము.

డిసెంబరు రెండవ శనివారము అన్నీ బిగించి స్విచ్చు నొక్కారు. ఒక్కటీ వెలుగలేదు. ఇరవైమూడు దీపాలు ముందు రోజు వెలిగినవే. ఎడాప్టరు మార్చారు. ప్లగ్గు మార్చారు. గంటసేపు వెదికారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. పాత సీరియల్ సెట్లలో దీపములన్నీ ఒకే దారము మీది పూసల వంటివి. ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. అందుకని మేము అలా కలుపలేదు. ప్రతి స్తంభము విడివిడిగా అటు ఒక పెద్ద తీగకు, ఇటు ఒక పెద్ద తీగకు తగిలించాము. ఇందులో ఒక దీపము తీగ తెగితే అది ఒక్కటే ఆరుతుంది, మిగిలినవి వెలుగుతూనే ఉంటాయి. సంఘములో బలహీనుడైన సహోదరుని గూర్చి మనము పడే భయము చాలావరకు అనవసరము. అతడు ఆరిపోతే అతని ఇంటి ముందే చీకటి, దానికే మనము దుఃఖపడవలెను. కాని షార్టు అట్లా కాదు. రెండు తీగలు మధ్యలో తాకితే, కరెంటు దీపము దాకా వెళ్ళనే వెళ్ళదు. దగ్గరి దారిన తిరిగి వెళ్ళిపోతుంది. ఉన్న బలమంతా ఆ ఒక్క చోటే ఖర్చయి వీధంతటికి లేకుండా పోతుంది. రెసిస్టరు మొదట్లో ఉంటే షార్టు అయిన స్తంభము తన ఒక్కదానికే నష్టము చేసుకుంటుంది. రెసిస్టరు పైన పెట్టి, క్రింద షార్టు అయితే ఆపేది ఏదీ లేదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆత్మ ఫలముల వరుసలో ఆశానిగ్రహము చివరిదిగా ఉన్నది. అది తల మీద కనబడే చోట ఉంటే సరిపోదు, మొదట్లో ఉండవలెను.

చివరికి ఆ కుర్రవాడు, "ఒక్కొక్కటి పీకి చూద్దాం" అన్నాడు. అదే సరియైన పద్ధతి. వీధి మొదటి నుండి ప్రారంభించాడు. ఒకటి పీకాడు, లేదు. మరల పెట్టాడు. రెండు, మూడు, పది, పదిహేడు. చూస్తున్న మాకు లోపల ఏదో మెదులుతున్నది, కాని ఏమీ అనలేదు. ఇరవైమూడూ అయిపోయాయి. అతడు మా వైపు చూడకుండ చివరి ఇంటి ముందున్న ఆకుపచ్చ స్తంభము పీకాడు. వీధంతా ఒక్కసారిగా వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు మేము ఎలా విన్నామో చెప్పలేము. ఎఫెసు సంఘముతో ప్రభువు దాని దీపస్తంభమును దాని చోట నుండి తీసివేయుదునని చెప్పిన మాటను ఎన్నిసార్లో ప్రసంగించాము. ఆ సంఘమునకు క్రియలు ఉన్నవి, ప్రయాసము ఉన్నది, సహనము ఉన్నది. మొదటి ప్రేమ ఒక్కటే విడిచినది. మా స్తంభము కూడ అంతే, రంగు ఉన్నది, గొడుగు ఉన్నది.

ఆ రాత్రి మత్తయి 5వ అధ్యాయము మరల తెరిచాము. దీపస్తంభపు మాట 15వ వచనములో ఉన్నది. మనము సాధారణముగా 16తో ఆపి, ముగింపు కీర్తన పాడి, కానుక పట్టుతాము. ఇంకా కొద్ది వచనములు ముందుకు పోయి 23, 24 చదవండి. కానుక బలిపీఠము దగ్గరికి తెచ్చినవాడు, తన మీద సహోదరునికి ఏమైనా విరోధమున్నదని అక్కడ జ్ఞాపకము వస్తే, కానుకను అక్కడనే విడిచి ముందు వెళ్ళి సమాధానపడవలెనని ప్రభువు ఆజ్ఞ. గమనించండి, నీకు అతని మీద కాదు, అతనికి నీ మీద. తప్పు చేసినవాడే లేచి వెళ్ళవలెను. మేము కానుక తెచ్చాము, ఆకుపచ్చ రంగు వేసి మరీ తెచ్చాము. వెళ్ళడము మాత్రము చేయలేదు.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, డీకన్లను కూర్చోబెట్టి బిల్లు బయటికి తీసి చూపించాము. కొందరికి కోపము వచ్చింది. ఇన్నేండ్లు దాచారా అన్నారు. దాచామన్నాము. ఒక పెద్దాయన, ఆ మాట అన్నది నేనేనని తల వంచుకున్నారు. సాయంత్రము ఆయన, మేము కలిసి ఆ ఇంటికి వెళ్ళాము. బిల్లు తీసుకొని వెళ్ళాము. జేబులో ఆ పాడైన స్తంభము కూడ ఉన్నది, ఎందుకు పెట్టుకున్నామో మాకే తెలియదు.

తల్లి తలుపు తీసి, "రండయ్యగారూ" అన్నది. ఆరేండ్ల తరువాత వచ్చినవారిని అడుగవలసిన మాట ఒక్కటీ అడుగలేదు. కుమారుడు లోపల ఏదో ఫ్యాను విప్పి పెట్టుకొని కూర్చున్నాడు. లేవలేదు. బిల్లు అతని ముందు పెట్టి, ఎప్పుడు దొరికిందో తేదీతో సహా చెప్పాము. మమ్మును క్షమించమని అడిగాము. పెద్దాయన అడిగారు. అతడు బిల్లు చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. "నాన్న చనిపోయిన ఏడే గదా అయ్యగారూ అది" అన్నాడు. అంతే. మేము చెప్పగలిగిన మాట ఏదీ లేదు. తల్లి కొంగుతో ముఖము తుడుచుకొని టీ పెట్టడానికి పోయింది.

క్షమించానని అతడు అనలేదు. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు వ్రాయవలెను. మనము క్షమాపణ అడిగిన క్షణములోనే ఎదుటివారు కౌగిలించుకొనవలెనని ప్రసంగాలలో కథలు చెబుతాము. ఆరేండ్లు చేసిన అన్యాయమునకు ఆరు నిమిషాలలో రసీదు అడుగుటకు మనకు హక్కు లేదు. జనవరిలో జరిగిన సర్వసభ్య కూటములో ఆ బిల్లు సంగతి అందరి ఎదుట చదివి, రిజిస్టరులో వ్రాయించాము. అది మా వంతు. అతని వంతు అతనికి, ప్రభువుకు మధ్య ఉన్నది.

టీ త్రాగుతుండగా జేబులో గుచ్చుకుంటున్న స్తంభము తీసి బల్ల మీద పెట్టాము. అతని చూపు దాని మీద పడింది. చేతిలోకి తీసుకొని త్రిప్పి చూశాడు, గోటితో అంచు తడిమాడు. "అంచు తీయలేదు. వార్నిషు కోసుకుపోయింది. రెండూ రీఫిలుకు తాకుతున్నాయి" అన్నాడు. ఆ ఇంటిలో అతడు మాతో మాట్లాడిన రెండవ మాట అది. మేము తీసుకొని వెళ్ళిపోదామని చేయి చాచాము. "ఉండనివ్వండి" అన్నాడు.

డిసెంబరు 23వ తేదీన తల్లి ఒక కాగితపు పొట్లము తెచ్చి మందిరములో ఇచ్చి వెళ్ళింది. అందులో మా ఆకుపచ్చ స్తంభమే ఉన్నది. వైర్లు కొత్తవి, రెసిస్టరు మొదట్లోకి దిగింది, దాని మీద సన్నని స్లీవు తొడిగి ఉన్నది. అంచు అద్దములా ఉన్నది. గొడుగు మాత్రము మేము పెట్టినదే ఉంచాడు.

24వ తేదీ రాత్రి ఇరవైనాలుగు దీపాలు వెలిగాయి. తల్లి వచ్చి చివరి వరుసలో కూర్చున్నది, ప్రక్క చోటు ఖాళీగా ఉంచుకున్నది. అతడు లోపలికి రాలేదు. ఆరాధన జరుగుతుండగా గేటు దగ్గర నిలబడి ఉన్నాడని ఒక పిల్లవాడు వచ్చి మా చెవిలో చెప్పాడు. ఏమి చేస్తున్నాడని అడిగాము. "కిటికీలో నుంచి మన వీధి చూస్తున్నాడు. ఎంత రెసిస్టరు వేశారని నన్ను అడిగాడు. ఫోర్ పాయింట్ సెవెన్ కె అన్నా అని చెప్పాను" అన్నాడు.

"ఏమన్నాడు?"

"సరిపోతుంది అన్నాడు."